యాభై మాటల రూలు

కంకిపాడు సెంటర్లో ఎరువుల షాపు నడిపే దుర్గాప్రసాద్‌కి సినిమా అంటే పిచ్చి. కొత్త బొమ్మ పడిన శుక్రవారం షాపు గుమస్తాకి అప్పజెప్పి పొద్దున ఆటకే బెజవాడ వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి షాపు ముందు ఎవరో ఒకరు కాచుక్కూర్చునేవాళ్ళు. యూరియా కోసం కాదు, "ఏవండీ ప్రసాద్ గారూ, బొమ్మ ఎలా ఉంది?" అని అడగడానికి. ఆయన "పర్లేదు, వెళ్ళొచ్చు" అంటే అక్కడికక్కడే ఫోన్లో టికెట్లు తీసేవాళ్ళు. పెదవి విరిస్తే ఆ వారానికి మానుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి 'బొమ్మమార్కులు' అనే వెబ్‌సైటు కంటబడింది. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్కన మేడ మీద గది తీసుకుని అఫ్సా అనే అమ్మాయి, ఎలీషా అనే అబ్బాయి కలిసి పెట్టిన సైటు అది. సినిమా చూసినవాళ్ళు మార్కులేసి నాలుగు ముక్కలు రాస్తే, ఆ మార్కుల్ని బట్టి సినిమాలకు ర్యాంకులిస్తారు. మొదట్లో అంతా గందరగోళంగా ఉండేది. అభిమానులు దొంగపేర్లతో జొరబడి తమ హీరోకి పదికి పదీ, అవతలి హీరోకి సున్నాలూ గుద్దేసేవాళ్ళు. ఇంకా విడుదల కాని సినిమా కూడా మొదటి ర్యాంకులో కూర్చునేది.

పేజీ అడుగున 'మీ సలహా చెప్పండి' అని ఒక పెట్టె ఉంటే దుర్గాప్రసాద్ అందులో రాశాడు: టికెట్ ఫొటో పెట్టినవాళ్ళ మార్కులే లెక్కలోకి తీసుకోండని. వాళ్ళు అలాగే చేశారు. ర్యాంకులు ఒక దారికొచ్చాయి. ఆ ఊపులో ఇంకో సలహా ఇచ్చాడు. ప్రతి రివ్యూ కిందా 'పనికొచ్చింది' అని ఒక బటన్ పెట్టమనీ, ఎవరి రివ్యూ ఎక్కువమందికి పనికొస్తే వాళ్ళ మార్కులకు బరువు పెంచమనీ. అదీ చేశారు. ఆయన పేరు వేసి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారు. కొన్నాళ్ళకే రివ్యూలు రాసేవాళ్ళ జాబితాలో దుర్గాప్రసాద్ పేరు అందరికన్నా పైకెక్కింది. ఆ పేజీని ఆయన రోజూ పొద్దున్నే కాఫీతోపాటు చూసుకునేవాడు.

ఆ సంబరంలోనే బావమరిది సిద్ధార్థని కూడా అందులో చేర్పించాడు. సిద్ధార్థ ఆయన భార్య ఉషశ్రీకి తమ్ముడు. హనుమాన్ జంక్షన్‌లో ఉంటూ చేపల మేత కంపెనీకి చెరువుల వెంట తిరిగే ఉద్యోగం. పెళ్ళైన కొత్తల్లో, వాడు స్కూలు పిల్లాడుగా ఉన్నప్పుడు, స్కూటర్ ముందు నిలబెట్టుకుని సినిమాలకు తిప్పింది దుర్గాప్రసాదే. ఇప్పటికీ శుక్రవారం పొద్దున ఆటకి ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాల్సిందే.

"నాకేం రాయడం వచ్చు బావా," అన్నాడు సిద్ధార్థ.

"వచ్చినంత రాయరా. నేనున్నాగా," అన్నాడు ఈయన పెద్దరికంగా.

వాడు రాశాడు. 'ఇంటర్వెల్లో సమోసాకని వెళ్ళిన అవతలి పక్కసీటు పెద్దాయన మళ్ళీ రాలేదు. ఆ సీట్లో నా హెల్మెట్ పెట్టాను. సెకండాఫ్ మేమిద్దరం చూశాం. మూడు మార్కులు.' అంతే. దాని కింద 'పనికొచ్చింది' వందల్లో పడింది. అదే సినిమాకి దుర్గాప్రసాద్ కథనం గురించీ కెమెరా గురించీ నేపథ్య సంగీతం గురించీ ఓపిగ్గా విడదీసి రాసింది దానికి చాలా కిందెక్కడో ఉండిపోయింది.

మొదటిసారి నవ్వేశాడు. రెండోసారి నవ్వు రాలేదు. ఈసారి సిద్ధార్థ ఇలా రాశాడు: 'మా ముందు వరుసలో పసిపాప ఒకటే ఏడుపు. హీరోయిన్ చచ్చిపోయే సీన్లో పాప ఊరుకుంది, వాళ్ళమ్మ అందుకుంది. తొమ్మిది మార్కులు.'

ఆ పాపని దుర్గాప్రసాద్ కూడా చూశాడు. చూడ్డమేంటి, విసుక్కుని 'బయటికి తీసుకెళ్ళమ్మా' అని కూడా అన్నాడు. ఇద్దరూ ఒకే వరుసలో కూర్చున్నారు, ఒకే తెర చూశారు. వాడికి కనిపించింది తనకెందుకు కనిపించలేదు? ఆ ప్రశ్న లోపల కలుక్కుమంటూనే ఉంది.

అప్పట్నుంచి థియేటర్లో ఆయన కళ్ళు తెర మీద సగమూ, బావమరిది మొహం మీద సగమూ ఉండేవి. వాడెక్కడ నవ్వుతున్నాడు, వెనక్కి తిరిగి ఎవర్ని చూస్తున్నాడు, ఏం మనసులో రాసుకుంటున్నాడు అని. వాడు మాత్రం పాప్‌కార్న్ డబ్బా ఈయనవైపు జరుపుతూ, "బావా, బాగుంది కదూ?" అనేవాడు.

ఒకరోజు పునాదిపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన షాపులో పురుగుమందు డబ్బా చేతిలో పట్టుకుని, ఫోన్లో ఏదో చదువుకుంటూ పగలబడి నవ్వాడు.

"ప్రసాద్ గారూ, ఎవరో సిద్ధార్థంటండీ. ఈయన రాసింది చదివితే చాలు, సినిమాకెళ్ళినంత హాయి! మీరూ చదవండి," అని ఫోన్ ఆయన ముందు పెట్టాడు.

ఎప్పుడూ తనని అడిగే మనిషి తనకే ఇంకొకణ్ణి సిఫారసు చేస్తున్నాడు. అదీ తన కౌంటరు దగ్గర నిలబడి. "చూశాన్లెండి," అని ముక్తసరిగా అని, చిల్లర విసిరినట్టు ఇచ్చాడు. ఆ వారంలోనే జాబితాలో సిద్ధార్థ పేరు పైకెక్కి, ఈయన పేరు దాని కిందికి జారింది. ఆ పొద్దున కాఫీ చేదుగా ఉందని ఉషశ్రీ మీద కేకలేశాడు.

ఆ కోపంలోనే సలహాల పెట్టె తెరిచాడు. పెద్దమనిషి తరహాలోనే రాశాడు: 'ఈ మధ్య జోకుల్లాంటి పొట్టి రివ్యూలు ఎక్కువైపోయాయి. వీటివల్ల సైటు స్థాయి పడిపోతోంది. యాభై మాటలకు తక్కువ రాసినవాళ్ళ మార్కుల్ని ర్యాంకింగులో కలపకండి, ఆ రివ్యూల్ని రాసేవాళ్ళ జాబితాలోనూ లెక్కేయకండి.'

అఫ్సా ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "చాలా మంచి పాయింటండీ. ఇప్పటిదాకా మీరు చెప్పినవన్నీ సైటుకి మేలే చేశాయి. ఇదీ పెట్టి చూస్తాం."

రూలు వచ్చింది. సిద్ధార్థ పేరు జాబితాలో అడుక్కి పోయింది. దుర్గాప్రసాద్‌కి ఒంట్లో జ్వరం దిగినట్టనిపించింది.

తర్వాతి ఆదివారం సిద్ధార్థ భోజనానికొచ్చాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు. "బావా, నువ్వు అన్నన్ని మాటలు ఎలా రాస్తావు? నాకు రెండు వాక్యాలకే అయిపోతోంది. కాస్త నేర్పు."

దుర్గాప్రసాద్ నేర్పాడు. ఎంత శ్రద్ధగా నేర్పాడనీ! ముందు కథ చెప్పాలన్నాడు, తర్వాత నటీనటులు, ఆ తర్వాత సాంకేతిక విలువలన్నాడు. వాడు బుద్ధిగా అలాగే రాశాడు. 'దర్శకుడు కథను నడిపించిన తీరు ఆకట్టుకుంటుంది' అని వాడి పేరుతో కనిపించిన వాక్యం చదివి, దుర్గాప్రసాద్ మంచం మీద పడుకుని తనలో తాను నవ్వుకున్నాడు. వాడి రివ్యూ చచ్చిపోయింది. దాని కింద ఎవరూ బటన్ నొక్కలేదు.

రెండు నెలలు గడిచాక అఫ్సా వాళ్ళు గవర్నర్‌పేటలో ఒక చిన్న హాలు తీసుకుని, బాగా రాసేవాళ్ళందర్నీ పిలిచారు. సైటు ఇంకా ఎలా బాగుపడాలో అందరూ కలిసి చెప్పమని. బావా బావమరుదులిద్దరూ ఒకే కారులో వెళ్ళారు. దుర్గాప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు.

టీలు అయ్యాక అఫ్సా లేచి మాట్లాడింది. "మేం చేసిన ఒక తప్పు చెప్పాలండీ. యాభై మాటల రూలు పెట్టాక ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు, పనుల మీద తిరిగేవాళ్ళు రాయడం మానేశారు. వాళ్ళ మార్కులు పోయేసరికి ర్యాంకులు మళ్ళీ పాత గందరగోళంలోకి వెళ్ళాయి. వందమందిని అడిగాం. అందరూ ఒకటే మాట, ఆ పొట్టి రివ్యూలు ఏమయ్యాయని. అందుకని రూలు తీసేస్తున్నాం." ఆ అమ్మాయి ఈయనవైపు తిరిగి చేతులు జోడించింది. "ఈ సలహా ఇచ్చింది మన దుర్గాప్రసాద్ గారే. ఏమనుకోకండి సార్. మీ టికెట్ ఫొటో సలహా మాత్రం మమ్మల్ని నిలబెట్టింది."

ఆమె గౌరవంగానే అంది. అందరూ చప్పట్లు కూడా కొట్టారు. దుర్గాప్రసాద్‌కి తల కొట్టేసినట్టయింది. పక్కకి చూడకుండానే తెలుస్తోంది, సిద్ధార్థ తనవైపే చూస్తున్నాడని.

తిరుగుదారిలో పోరంకి దాటారు. కారు గేదెల మంద వెనక ఆగినప్పుడు సిద్ధార్థ అన్నాడు.

"నాతో ఒక్క మాట చెప్తే రాయడం మానేసేవాణ్ణి కదా బావా. నాకదేమన్నా ఉద్యోగమా?"

దుర్గాప్రసాద్‌కి సిగ్గుకన్నా ముందు మంటే వచ్చింది. తను ప్రాణంలా పట్టుకు వేలాడుతున్నదాన్ని వీడు చేతిరుమాలు పడేసినట్టు పడేయగలడు.

"అంటే నీకు లెక్కే లేదన్నమాట," అన్నాడు.

"లెక్క లేక కాదు. నువ్వు మెచ్చుకుంటావని రాశాను. ఒక్కదానికైనా బాగుందన్నావా?"

గేదెలు పక్కకి తప్పుకున్నాయి. దుర్గాప్రసాద్ కారు ముందుకి పోనిచ్చాడు. ఇంటి దగ్గర సిద్ధార్థ కాఫీ కూడా తాగకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఏమైందండీ, వాడలా వెళ్ళాడు?" అంది ఉషశ్రీ.

"పనుందట," అన్నాడు.

తర్వాతి శుక్రవారం సిద్ధార్థ రాలేదు. ఫోన్ చేస్తే చెరువు దగ్గరున్నానన్నాడు. దుర్గాప్రసాద్ ఒక్కడే వెళ్ళాడు. హాలంతా నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో ఒక క్షణం ఆలస్యంగా అర్థమవుతోంది. ఇంటర్వెల్లో మాట్లాడ్డానికి మనిషి లేడు. షాపుకొచ్చి రాయబోతే ఒక్క మాట రాలేదు. ఇన్నాళ్ళూ తను విడదీసి రాసిందంతా ఇంటర్వెల్లో ఇద్దరూ వాదించుకున్నదేనని అప్పుడు తట్టింది. "బొమ్మ ఎలా ఉందండీ?" అని ఎవరో అడిగితే, "తెలీలేదండీ," అన్నాడు. అడిగినాయన తెల్లబోయాడు.

ఆ సాయంత్రం గోడౌన్లో బస్తాల మధ్య నిలబడి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వు రాసినవన్నీ చదివానురా. బాగుంటాయి. బాగుంటాయనే ఆ పని చేశాను."

అవతల చెరువు మోటారు మోత వినిపిస్తోంది.

"తెలుసులే బావా," అన్నాడు సిద్ధార్థ చివరికి. "నాకు మాత్రం కోపం పోలేదు. ఆదివారం ఆటకి వస్తా. టికెట్లు నువ్వే తియ్యి."

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. మొదటి సగం మాటల్లేకుండానే చూశారు. ఇంటర్వెల్లో విలన్ గురించి వాదన మొదలై, సెకండాఫ్‌లో వెనకవాళ్ళు "ఏవండీ, కాస్త!" అనేదాకా సాగింది. మర్నాడే సిద్ధార్థ మళ్ళీ రాశాడు, మూడే మూడు వాక్యాలు. మధ్యాహ్నానికి దాని కింద నొక్కుళ్ళు మొదలయ్యాయి. నెల తిరక్కుండా వాడి పేరు మళ్ళీ పైకొచ్చింది, దుర్గాప్రసాద్ దాని కిందికి దిగాడు.

పేజీ చూసుకోగానే ఎప్పటిలాగే కలుక్కుమంది. అది పోలేదు, పోతుందని ఆయనకి నమ్మకమూ లేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ తీసి, "ఇవాళ రాసింది బాగుందిరా," అన్నాడు. అనేటప్పుడు పళ్ళు కొరుక్కున్న సంగతి అవతల సిద్ధార్థకి వినపడలేదు. వంటింట్లోంచి చూస్తున్న ఉషశ్రీకి మాత్రం కనపడింది.