మబ్బు కింద అక్క

పిడుగు గాలివానల వెంట పడుతుంది. అవునండీ, సరిగ్గానే విన్నారు. ఆకాశం నల్లబడితే మనమంతా ఆరేసిన బట్టలు లాక్కుని ఇంట్లోకి పరిగెడతాం కదా, ఆమె మాత్రం కెమెరా పట్టుకుని కారెక్కి ఆ నలుపు ఎక్కడుంటే అక్కడికే పోతుంది. మిగతా రోజుల్లో బజారు మూల చిన్న స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. "నవ్వకండి, గడ్డం కొంచెం పైకి" అని పొద్దస్తమానం చెప్పీ చెప్పీ, సాయంత్రానికి ఆమె ముఖం కూడా పాస్‌పోర్టు ఫోటోలాగే అయిపోతుంది. మబ్బు పట్టిందంటే మాత్రం వెలిగిపోతుంది. పిడుగు అని వీధి పెట్టిన పేరే.

పేరుతో ఊరుకుందా వీధి? "పెళ్ళీ పెటాకులూ లేవు, పైగా మబ్బులతో సరసాలు" అని ఎదురింటావిడ. "ఆ కారుకి నోరుంటే బావురుమనేది" అని మెకానిక్కు. ఊరి నోటికి తాళం వెయ్యలేం కాబట్టి పిడుగు నవ్వి ఊరుకునేది. నవ్వి ఊరుకోలేనిది అక్క దగ్గరే. అమ్మ పోయాక తల దువ్వి బడికి పంపింది అక్క.

అక్కకి డ్రైవింగ్ స్కూలుంది. బజారులో తిరిగే బళ్ళవాళ్ళలో సగం మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. "బండి ఆపావా? ఇంజన్ ఆపు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, తాళం చేతిలోకి తీసుకో." నిద్రలో లేపి అడిగినా ఇదే పాఠం.

కిందటి వానాకాలం వడగండ్లకి కారు అద్దం పగిలి, పిడుగు నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో అక్క బిల్లు కట్టి, మందులు కొంది. ఇంటికొచ్చాక బద్దలైంది.

"బుద్ధుందా నీకు? నీకేమైనా అయితే నేనేమైపోవాలే? నువ్వెళ్ళిన ప్రతిసారీ కిటికీ దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటూ చస్తున్నాను!"

"పోనీ, ఒక్కసారి నువ్వూ వెళ్ళి చూడరాదూ?" అన్నాడు బావ, మాట తేలిక చేద్దామని. అక్క ఆ మాటే పట్టేసుకుంది.

"వస్తాను. చూశాక నేను వద్దంటే జన్మలో మళ్ళీ వెళ్ళకూడదు. ఒట్టు వెయ్యి."

పిడుగు ఒట్టేసింది. అక్క అడిగితే కాదనడం ఆమెకి ఎప్పుడు చేతనైంది గనక! ఆ రోజు నుంచీ మబ్బు పడితే సంతోషం బదులు భయమే. ఇదే ఆఖరిదేమో, అక్క ఒక్క మాటతో ఆకాశం మొత్తం మూసేస్తుందేమో అని.

ఆ మబ్బు రానే వచ్చింది, ఓ మధ్యాహ్నం. దారి పొడుగునా అక్క గొణుగుడే. గేరు మార్చడం రాదని, అద్దాలు తుడవలేదని. చుట్టూ కోసేసిన పొలాలు, మధ్యలో ఒంటరి రోడ్డు. పిడుగు కారుని వెనక్కి తిప్పి నిలబెట్టింది. ఈ పనిలో పాటించి తీరాల్సినది ఇదే: కారు ముఖం ఎప్పుడూ తిరిగెళ్ళే దారి వైపు ఉండాలి, ఇంజన్ నడుస్తూ ఉండాలి.

"అక్కా, ఇంజన్ ఆపకేం."

"సరేలేవే. నాకా చెప్తున్నావు డ్రైవింగు?"

పిడుగు రోడ్డు పక్క కంచె దగ్గర కెమెరా నిలబెట్టింది. అప్పటికే పిట్టలు కూతలు మానేశాయి. వెలుతురు ఆకుపచ్చగా మారింది, సీసా గాజులోంచి చూసినట్టు. పైన మబ్బు, పెద్ద గిన్నెలో ఎవరో గరిటె తిప్పి మర్చిపోయినట్టు, నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. అలాంటప్పుడు ఆమెకి తన ఒళ్ళు తనకే తెలియదు. స్టూడియో లేదు, వీధి లేదు, నుదుటి మీద కుట్ల గుర్తూ లేదు. ఎంతసేపు గడిచిందో కూడా తెలీదు.

మబ్బు అడుగు నుంచి సుడిగాలి తొండం దిగింది. సన్నగా, ఏమీ తొందర లేనట్టు. కాసేపటికి పిడుగుకి అర్థమైంది. తొండం పక్కకి జరగడం లేదు. ఉన్నచోటే పెద్దదవుతోంది. అంటే తిన్నగా తమ మీదకే వస్తోంది.

పరుగున కారు దగ్గరికొచ్చింది. ఇంజన్ ఆగిపోయి ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. తాళం లేదు. అక్కా లేదు.

రోడ్డుకి అవతల, పొలం నడిమధ్యన నిలబడి ఉంది అక్క. చెప్పులు ఒక చేతిలో, తాళం ఇంకో చేతిలో. తల పైకెత్తి, నోరు తెరుచుకుని.

"అక్కా!" గాలి ఆ కేకని ఎటో ఎగరేసుకుపోయింది. పిడుగు పరిగెత్తింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకి మబ్బు అందంగా కనిపించలేదు. పాడు మబ్బు, దిక్కుమాలిన మబ్బు, అక్కని వదిలేస్తే చాలు అనుకుంటూ పరిగెత్తింది.

చెయ్యి పట్టుకుని గుంజితే అక్క చిన్నపిల్లలా నవ్వింది. "ఎంత నెమ్మదిగా తిరుగుతోందే! అమ్మ చూసుంటే ఎంత బావుండేది!"

ఎలా వచ్చి పడ్డారో, కారు ఎలా కదిలిందో! వెనకద్దం మీద వడగండ్లు టపటపా కొడుతుంటే, ఊరి చివర పెట్రోలు బంకు కప్పు కిందికి చేరాక గానీ పిడుగు ఊపిరి పీల్చుకోలేదు. పీల్చుకున్నాక ఏడుపూ కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"బుద్ధుందా నీకు? నీకేమైనా అయితే నేనేమైపోవాలి? బావకి ఏం ముఖం చూపించాలి?"

అక్క తన రుమాలు ఇచ్చింది. "బండి ఆగి ఉందిగా, చేతులు వాటంతటవే ఇంజన్ ఆపేశాయే. తర్వాత కాళ్ళు కూడా వాటంతటవే నడిచాయి."

దూరంగా తొండం కరిగిపోయింది. మబ్బు అంచుకి ఎండ తగిలి గులాబీ రంగు పాకింది. అక్క అటే చూస్తోంది.

"చెప్పక్కా. వద్దంటావా?"

"వద్దందామనే వచ్చాను. ఇన్నాళ్ళూ ఆ మాటే నోట్లో తిప్పుకున్నాను కూడా." అక్క నిట్టూర్చింది. "ఇప్పుడు నోరు రావడం లేదే. మళ్ళీ ఎప్పుడెళ్దాం?"

పిడుగు ఎగిరి గంతెయ్యాలి కదా! లేదు. "నువ్వొద్దక్కా! నువ్వు మాత్రం రావద్దు!" అని అరిచింది.

అన్నాక తెలిసొచ్చింది. ఒట్టేసినప్పట్నించీ అక్క నోట వినాల్సొస్తుందని వణికిన మాట, తీరా తన నోటే వచ్చింది. అక్క ముందు బిత్తరపోయి చూసింది. తర్వాత కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, చెల్లెలి నుదుటి మీద కుట్ల గుర్తు బొటనవేలితో ఒకసారి తడిమింది.

"పద పద" అంది. "మీ బావ కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు."