ఆవాల దిండు

తెనాలిలో వైదేహి ఇంటి వరండాలోకి శనివారం మధ్యాహ్నం అడుగుపెట్టినవాళ్లు ఎవరైనా సరే, ఒంటికి ఒక దారంపోగైనా అంటించుకోకుండా బయటపడరు. పాలకేంద్రం ఆయన కూడా ఒకసారి చొక్కాకి ఊడిన గుండీ కుట్టించుకుని వెళ్లాడు. వైదేహికి కుట్టుపని బతుకుతెరువు కాదు, అచ్చంగా పిచ్చి. ఉద్యోగమంతా పోస్టాఫీసు కిటికీ వెనక గడిపిన మనిషి రిటైరవగానే కుట్టుమిషను కొనుక్కుని, ఇన్నాళ్లూ దీన్ని వదిలి ఎలా ఉన్నానురా దేవుడా అనుకుంది. ఆమె భర్త మోహనకృష్ణ అయితే, "మా ఇంట్లో దిండు గలీబులకి కూడా లైనింగు ఉంటుందండీ" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

ఒక్కతే కూర్చుని కుట్టుకుంటే సరదా ఏముంది? అందుకని వీధిలో వాళ్లని పిలిచింది. వాళ్లు ఇంకొకళ్లని పిలిచారు. వీధివాళ్ల మిషన్లు కూడా ఒకటీ రెండూ వరండాలోకి చేరాయి. బ్యూటీపార్లరు నడిపే క్రిస్టినా వచ్చింది. కుట్టడం కంటే కబుర్లు చెప్పడంలో ఆ పిల్ల చెయ్యి చురుకు. రేపల్లె నుంచి పాసింజరు రైలెక్కి జ్ఞానమ్మ వచ్చేది. రేపల్లెలో ఏ ఇంట్లో పాప పుట్టినా ఆవాల దిండు కుట్టిచ్చే పెద్దావిడ ఆమె. పసిబిడ్డ తల గుండ్రంగా కుదరాలంటే మెత్తటి గుడ్డలో ఆవాలు పోసి కుట్టిన దిండే కావాలంటుంది. ఇక దుగ్గిరాల హైస్కూల్లో తెలుగు చెప్పే నిర్మల. ఆమె చర్చి క్వయర్లో పాడుతుంది. ఏటా కోతపండుగ నాడు పాట మొదటి చరణం ఆమె ఒక్కతే ఎత్తుకుంటుంది. శనివారాలు సూదితో కుట్టుకుంటూ కూనిరాగం తీస్తే, మిగతావాళ్లు మిషన్లు ఆపి వినేవారు.

ఆ ఏడాది ఎండాకాలం నిర్మల కనిపించలేదు. గర్భసంచి ఆపరేషన్ అయిందని, బెడ్ రెస్టు అని కబురొచ్చింది. ఆ వయసులో అది మామూలే కదా, ఎవరూ గుచ్చి అడగలేదు. వానలు పడ్డాక మళ్లీ వచ్చింది. పైట రెండు భుజాల చుట్టూ కప్పుకుని, మూలన కుర్చీలో కూర్చుంది. వెళ్లబోతూ వైదేహి చేతికి ఒక కవరిచ్చింది. అందులో కోతపండుగ కోసం కొన్న జాకెట్టు గుడ్డా, కొలతకి ఒక పాత ఆది జాకెట్టూ ఉన్నాయి.

వైదేహికి ఆది జాకెట్టు చేతిలో పెడితే చాలు, ఇక మనిషితో పనిలేదు. దాన్ని పరిచి, సుద్దముక్కతో గీసి, వెంట్రుకవాసి తేడా రాకుండా కుట్టేస్తుంది. ఆ గొప్ప ఆమెకి కాస్త ఎక్కువే. మరుసటి శనివారం జాకెట్టు ఇచ్చింది. ఆ పై వారం నిర్మల దాన్ని వెనక్కి తెచ్చింది.

"ఎడమవైపు కొంచెం వదులుగా ఉందక్కా" అంది నెమ్మదిగా.

వైదేహి రెండు జాకెట్లూ ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది. కుట్టు మీద కుట్టు కూర్చుంది.

"ఆదికీ దీనికీ ఇంత కూడా తేడా లేదు, చూడండి అందరూ!" అని జాకెట్టు పైకెత్తి చూపించింది. "చిక్కితే మనిషంతా చిక్కుతారు గానీ, ఒకవైపు చిక్కడమేంటే తల్లీ!"

వరండా అంతా నవ్వింది. నిర్మల కూడా నవ్వింది. రెండు జాకెట్లూ మడిచి కవర్లో పెట్టుకుని, బస్సు టైమైందని లేచింది. ఆమె ఇల్లు తెనాలిలోనే, నడిచిపోయేంత దూరం. ఏం బస్సని ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత రెండు శనివారాలు నిర్మల రాలేదు. ఫోను చేస్తే గొంతు బాగోలేదంది. ఈసారి కోతపండుగకి కూడా పాడనని చర్చి అయ్యగారికి చెప్పేసిందని క్రిస్టినా మోసుకొచ్చింది. నిర్మల పాడని కోతపండుగా! వైదేహికి మనసు మనసులో లేదు. తన వేళాకోళం ఎక్కడో తగిలిందని తెలుస్తోంది గానీ, ఎక్కడ తగిలిందో తెలియడం లేదు. బత్తాయిలు కొనుక్కుని ఒకరోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లింది.

తలుపు తీసింది నిర్మలే. భర్త అనుకుని తీసినట్టుంది. నైటీ మీద తువ్వాలైనా లేదు. వైదేహి చూసింది. నిర్మల చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, ఇంకేం లాభమని దించేసింది.

"గర్భసంచి కాదక్కా" అంది. "ఎడమవైపు మొత్తం తీసేశారు."

వైదేహి అక్కడే గడపలో కూలబడి, "నా నోరు పడిపోనూ! ఎంత మాటన్నానే నిన్ను!" అని ఏడ్చేసింది. చివరికి నిర్మలే మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

అప్పుడు మెల్లిగా చెప్పుకొచ్చింది. ఆపరేషనుకి ముందటి ఆది ఎందుకిచ్చానో తనకే తెలియదంది. దాని ప్రకారం కుడితే పాత మనిషినైపోతాననుకున్నానేమో అంది. లోపల చేతిరుమాళ్లు మడిచి పెట్టుకుంటోందట. ఒకరోజు క్లాసులో బోర్డు మీద రాస్తుంటే అవి జరిగి భుజం దగ్గరికి వచ్చేశాయి. గంట కొట్టేదాకా పిల్లల వైపు తిరక్కుండా నిలబడింది. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ల కోసం చేసినవి బజార్లో దొరుకుతాయట గానీ, వెళ్లి అడగాలంటే ప్రాణం పోయినంత పనవుతోంది.

"పాడాలంటే గుండెల నిండా గాలి పీల్చాలి కదక్కా. పీల్చగానే అవి పైకి లేస్తాయి. అందరి ముందూ నిలబడి పాట మీద ధ్యాస పెట్టనా, వాటి మీద పెట్టనా? మీరు మాత్రం ఎవరికీ చెప్పొద్దు. జాలిగా చూస్తే నేను తట్టుకోలేను."

"చెప్పను. నా మీద ఒట్టు" అంది వైదేహి. "కోతపండుగకి నువ్వు పాడతావు. నేను కుడతాను."

అనడమైతే అనేసింది. కుట్టడం మొదలుపెట్టాక తెలిసింది అందులో ఉన్న తిప్పలు. దూది కూరి కుడితే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది గానీ, బరువు లేదు. నిర్మల చెయ్యెత్తితే దానితో పాటు అదీ లేచింది. బియ్యం పోస్తే గట్టిగా ఒత్తుకుంది. బరువుండాలి, మెత్తగా ఉండాలి, ఒంటితోపాటు కదలాలి. ఏంటా అని వంటింట్లో తిరగమోత వేస్తూ ఆలోచిస్తుంటే, చేతిలో పోపులపెట్టె కనపడింది. అరచేతిలో ఆవాలు పోసుకుని వేళ్ల మధ్య జార్చి చూసింది. స్టవ్వు మీద నూనె పొగలు కక్కుతున్నా పట్టించుకోలేదు.

కానీ ఆవాలు సందు దొరికితే కారిపోతాయి. ఒక పక్కకి పోగవుతాయి. ఆ కిటుకు తెలిసింది జ్ఞానమ్మకే. శనివారం ఆమె పక్కన చేరి, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"పిన్నీ, ఆవాల దిండులో గింజలు ఒక్కచోటికి జారకుండా ఎలా కుడతారు?"

"మల్లుగుడ్డ రెండు పొరలు వెయ్యి. మధ్యలో గదులు గదులుగా కుట్టు. గది నిండా పొయ్యమాక, సగానికే పొయ్యి" అంది జ్ఞానమ్మ. వెంటనే కళ్లజోడు ముక్కు మీదకి దించింది. "ఎవరికమ్మా?"

"తెలిసినవాళ్లకిలెండి" అంది వైదేహి.

అవతల క్రిస్టినా మిషను ఆగిపోయింది. పాపం, అప్పుడైనా వైదేహి గమనించాల్సింది.

దిండు కుదిరింది. వెనక దూది, ముందు ఆవాలు, పైన మల్లుగుడ్డ. జాకెట్టు లోపల జేబు కుట్టి, అందులో దాన్ని అమర్చింది. ఉతికేటప్పుడు తీసేయొచ్చు. నిర్మల తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. పైట సర్దుకోకుండా అలాగే నిలబడింది.

"వానలో తడిస్తే మొలకలొస్తాయేమో అక్కా" అంది.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నిర్మల ఏడ్చింది. అయినా పాడతానని మాత్రం అనలేదు. చూద్దాంలే అంది.

ఆ సాయంత్రమే బాపట్ల నుంచి వైదేహి కూతురు మీనాక్షి ఫోను.

"అమ్మా, నాకు కడుపంట కదా? మా స్కూల్లో టీచరు చెయ్యి పట్టుకుని మరీ కంగ్రాట్స్ చెప్పింది. ఆవిడ మీ క్రిస్టినాకి పిన్నంట! మా చిన్నదానికి పదో తరగతి పరీక్షలే, నాకు కడుపేంటే?"

వైదేహి తల పట్టుకుంది. ఎవరో ఏదో అనుకున్నారులే అని సర్ది చెప్పి పెట్టేసింది. రెండు రోజులు పోతే అదే సద్దుమణుగుతుంది అనుకుంది.

శనివారం వరండాలోకి వచ్చేసరికి అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. మధ్యలో చాప, చాప మీద తువ్వాలు, తువ్వాలు మీద చిన్న చిన్న జుబ్బాలు, టోపీలు, ఊయల దుప్పటి. క్రిస్టినా ఒక బుల్లి గౌను కుట్టి, దానికి లేసు కూడా వేసింది, వంకర టింకరగానే అయినా. వాటన్నిటి మీదా జ్ఞానమ్మ స్వయంగా కుట్టి తెచ్చిన ఆవాల దిండు, నాలుగు మూలలా పువ్వులతో. ఎప్పుడూ ఎదుటివాళ్లకే కుట్టిపెట్టే వైదేహి ఇంట్లో శుభకార్యమని, వారమంతా ఎవరిళ్లల్లో వాళ్లు కూర్చుని చేసుకొచ్చారు. నిర్మల మూలన కుర్చీలో ఉంది. కొత్త జాకెట్టు తొడుక్కుని వచ్చిన మొదటి రోజు అది. పైట మాత్రం భుజాల చుట్టూనే ఉంది.

వైదేహి ఒక చిన్న టోపీ చేతిలోకి తీసుకుని, మళ్లీ చాప మీదే పెట్టేసింది.

"మా మీనాక్షికి కాదండీ" అంది ఎలాగో.

"మరెవరికి?" అంది జ్ఞానమ్మ.

ఇంతమంది ప్రేమగా కుట్టి తెచ్చిన బట్టల ముందు వైదేహికి అబద్ధం నోరు దాటి రావడం లేదు. నిజం చెప్పనని ఒట్టు పెట్టుకుంది. నిర్మల వైపు పొరపాటున కూడా చూడకూడదని చాపనే చూస్తూ నిలబడింది. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పేరు చెప్పకూడని బిడ్డంటే ఏమనుకోవాలో వాళ్లకి అర్థం కాలేదు.

"పోన్లేమ్మా" అంది జ్ఞానమ్మ. గొంతులో బాధ దాగలేదు. "మాతో చెప్పుకోదగ్గ సంగతి కాదేమో. మేమే చనువు తీసుకున్నాం." దిండు తీసి సంచిలో పెట్టుకోబోయింది.

"అది పాపకి కాదు పిన్నీ" అని మూలనుంచి వినపడింది. "నాకు."

అందరూ తిరిగారు. నిర్మల లేచి నిలబడింది.

"మీకా ఆంటీ!" అని క్రిస్టినా నోరు తెరిచి, ఆవిడ పొట్ట వైపు చూసింది.

నిర్మల తల అడ్డంగా ఊపింది. భుజాల చుట్టూ ఉన్న పైట విప్పి, ఎడమవైపు గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇక్కడికి" అంది. "ఎండాకాలంలో తీసేశారు. క్యాన్సరు. ఎవరికీ చెప్పొద్దని అక్క దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఆమెని ఏమీ అనకండి."

ఇదిగో, ఇప్పుడు చూస్తారు జాలిగా అని వైదేహి భయపడింది. ఆ చూపు చూడకండమ్మా, మీకు దణ్ణం పెడతాను, అనుకుంది లోపల.

జ్ఞానమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. నిర్మల దగ్గరికొచ్చింది. చెయ్యి పక్కకి తీసి, పసిబిడ్డ నుదురు తాకినట్టు అరచెయ్యి ఆనించి చూసింది. అటుపక్కా ఇటుపక్కా బరువు అంచనా కట్టింది.

"బాగానే కుట్టింది" అంది. తర్వాత వైదేహి వైపు తిరిగి గయ్యిమంది. "ఒక్కటే కుట్టావా? ఇది ఉతుక్కుంటే ఆరిందాకా ఈ పిల్ల ఏం పెట్టుకుంటుంది? ఆ మాత్రం తెలీదూ?"

చాప మీద చతికిలబడి, కత్తెర అందుకుంది. పువ్వులు కుట్టిన తన దిండు అంచు టకటకా విప్పేసింది. క్రిస్టినా గబగబా స్టీలు పళ్లెం తెచ్చి పెడితే, ఆవాలు అందులోకి జలజలా పడ్డాయి. ఎవరో మల్లుగుడ్డ జుబ్బా తీసుకుని నిలువునా కత్తిరించారు. "గదులు నేను కుడతా" అని ఒకళ్లు, "నీ కుట్టు దూరం దూరం, గింజలు కారిపోతాయి, ఇటివ్వు" అని ఇంకొకళ్లు. క్రిస్టినా ముక్కు ఎగబీల్చుకుంటూ మూడు సూదులకి దారం ఎక్కించింది. ఒక్కదానికి కూడా సరిగ్గా ముడి వెయ్యలేదు.

నిర్మలని ఎవరూ జాలిగా చూడలేదు. చూడ్డానికి వాళ్లకి తీరిక ఎక్కడిది?

కొత్తది తయారయ్యాక నిర్మల లోపలి గదిలో మార్చుకుని వచ్చింది.

"చెయ్యెత్తు" అంది జ్ఞానమ్మ. ఎత్తింది. "వొంగు." వొంగింది. "ఇప్పుడు పాడు. గాలి బాగా పీల్చి, కోతపండుగ నాడు పాడతావే, అట్లా పాడు. కదుల్తుందో లేదో మేం చూస్తాం."

నిర్మల వైదేహి వైపు చూసింది. అప్పుడు భుజాలు వెనక్కి వేసి, గుండెల నిండా గాలి తీసుకుని పాట ఎత్తుకుంది. నెలల తరబడి మూతపడి ఉన్న గొంతు. మొదట కాస్త వణికింది, తర్వాత తేరుకుని పైకి వెళ్లింది. లోపలి నుంచి మోహనకృష్ణ పేపరు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. వీధిలో పోయే ఆటో ఒకటి నెమ్మదైంది. వైదేహికి కళ్లు మసకబారి ఏమీ కనపడలేదు.

చరణం అయిపోయింది. ఎవరూ కదల్లేదు.

"ఆఁ, కదిలిందా మరి?" అంది జ్ఞానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "క్రిస్టినా, నువ్వు చూశావా?"

"నేను చూళ్లేదు అమ్మమ్మా. మీరు చూస్తున్నారనుకున్నా."

"వైదేహమ్మా, నువ్వు?"

"లేదు పిన్నీ" అంది వైదేహి.

అంతమందిలో ఒక్కళ్లు కూడా చూళ్లేదని తేలింది.

"సరిపోయింది!" అంది జ్ఞానమ్మ. "ఏదీ, మళ్లీ పాడు."