అటువి ఇటు

ఈసారి స్కానింగ్ ప్రోబు సరిగ్గానే పట్టుకుంది కదా, గుర్తు పెట్టి ఉన్న అంచు పిల్ల కుడివైపుకే ఉంది, అయినా తెరమీద చూస్తే కుడివైపు ఉండాల్సిన కాలేయం పిల్లకు ఎడమవైపే కనిపిస్తోంది, మొన్న కూడా ఇలాగే కనిపిస్తే డాక్టర్ నర్మద తానే ప్రోబు తిరగేసి పట్టుకున్నాననుకుని మీట నొక్కి బొమ్మను తిప్పేసింది, ఆ రోజు బయట ముప్పై మంది, నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ స్కానింగంటే తన దగ్గరికే, మనూర్ నుంచి వచ్చిన హన్నమ్మ బల్ల పక్కనే నిలబడి, నొప్పి ఎడమ దిక్కే అంటుంది డాక్టరమ్మా, దీని గుండె గూడ కుడి దిక్కే కొట్టుకుంటది, చిన్నగున్నప్పుడు ఎత్తుకుంటే నాకు తెలుస్తుండె అంది, దేవుడు నీ బిడ్డను అద్దంల చూస్కుంట చేసిండా ఏంది హన్నమ్మా అని తానంటే కూతురు సలోమి నొప్పిలోనూ నవ్వింది, అపెండిక్స్ ఉండేది కుడివైపు, అటే చూసింది, ఏమీ లేదు, గ్యాస్ అంది, మిగతాది కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే నార్మల్ రిపోర్టే, పేరూ వయసూ మార్చింది, అంతే.

ఇప్పుడా పొట్ట చెక్కలా బిగుసుకుంది, ఒళ్లు కాలిపోతోంది, ప్రోబు పైకి జరిపితే గుండె నిజంగానే కుడివైపు, లోపలి అవయవాలన్నీ అటువి ఇటు, ఎడమవైపు కిందికి దింపితే వాచి పగిలిన అపెండిక్స్, చుట్టూ చీము, పందొమ్మిదేళ్ల పిల్ల, దేవుడా, బతుకుతుందా.

సంగారెడ్డి సర్జన్‌కు ఫోన్ చేసి ఎడమవైపు కోయాలని చెప్పింది, పాత స్కాన్ ఉందా, ఎన్నాళ్లయింది అని అడిగాడతను, చూసి చెబుతానని పెట్టేసింది, అంబులెన్సు బయల్దేరిందట, హన్నమ్మ ప్లాస్టిక్ కవరు చాపి, మొన్నటి కాయితం దీంట్లనే ఉంది, గిది గూడ కావాల్నా అంటోంది, అక్కర్లేదంటే చాలు, చింపేస్తే ఎవరికీ తెలియదు, కానీ ఆ నార్మల్ రిపోర్టు నమ్మినా, అసలు చూడకపోయినా, జబ్బు ఇవాళే మొదలైందనుకుంటాడు సర్జన్, అంత తొందరపడడు, జల్దీ కనిపెట్టినవు డాక్టరమ్మా, ప్రభువు నిన్ను సల్లగ సూడాలె అంటోంది హన్నమ్మ, ఆ మాట చెంపమీద కొట్టినట్టుంది, నోరు తెరిస్తే ఈ సెంటర్ ఉండదు, తెరవకపోతే పిల్ల ఉండదేమో.

మొన్ననే ఉండె హన్నమ్మా, నేనే సరిగ్గ చూడలే.

హన్నమ్మ కవరు బల్లమీద పెట్టేసింది, అంటే నా బిడ్డ రెండు దినాలు ఉత్తగనే ఏడ్చిందా, నేను చెప్పలేదా నీకు అంది, అరవలేదు, అరిస్తే బాగుండేది, నర్మద పాత రిపోర్టు మీద తప్పు నాదే అని రాసి సంతకం పెట్టి సర్జన్‌కు మళ్లీ ఫోన్ కలిపింది, అటు గంట మోగుతుంటే తెలిసింది, గుండె కుడివైపు కొట్టుకుంటుందన్న మాట హన్నమ్మ కాక ఏ డాక్టరో తన కూతురి గురించి చెప్పి ఉంటే ఆ క్షణమే ప్రోబు గుండెమీద పెట్టి చూసేది, అర నిమిషం పట్టేది.