పుంజం నిలిచిన చోట

మొరావియా ప్రాంతంలో వరద వచ్చి ట్రౌబ్కీ ఊళ్ళో పచ్చి ఇటుకల ఇళ్ళు కూలిపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. అక్టోబరు నెల. బ్ర్నో నగరంలో కొండవాలు మీద చెట్లు ఆకులు రాలుస్తున్నాయి.

రదిమ్ షెబెస్తా పరిశోధనశాల నేలమాళిగలోకి దిగాడు. మర్నాడు పదింటికి పండితసభ ముందు అతని ఉపన్యాసం. నెగ్గితే డోసెంటు, అంటే ప్రొఫెసరుకు ఒక మెట్టు కింది పదవి, వస్తుంది. నెగ్గకపోతే అతని విభాగాన్ని పక్క విభాగంలో కలిపేస్తామని డైరెక్టరు ముందే చెప్పాడు. కలపడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ ఏడు పై అంతస్తులో గదులకు వరసగా తాళాలు పడ్డాయి.

ఉపన్యాసమంతా ఒక గీత మీద నిలబడి ఉంది. కార్ల పొగగొట్టాల్లో పొగకు విషం విరవడానికి సీరియం అనే లోహం, ప్రాణవాయువు కలిసిన పొడి వాడతారు. ఆ పొడి గింజను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పరమాణువులు దున్నిన చాళ్ళలా కనబడతాయి. ఆ చాళ్ళ మధ్య మరో సన్నగీత ఉందని, పొడికి బలమంతా ఆ గీతలోనే ఉందని షెబెస్తా చెప్పాడు. అంతకుముందు లోకంలో ఎవరూ దాన్ని చూడలేదు. నాలుగేళ్ళుగా అతను తింటున్నది ఆ గీత పేరు చెప్పుకునే.

ఆ మధ్యాహ్నం కిందికి దిగింది ఇంకొక మంచి బొమ్మ కోసం. సభలో మొదట చూపించడానికి.

ఆ పరిశోధనశాలలో ఒక అలవాటు ఉంది. దాన్ని పెట్టింది ముసలి ప్రొఫెసర్ దోస్తాల్. గింజను లోపల పెట్టగానే అది కుదురుగా ఉండదు, మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఎలక్ట్రాన్ల పుంజాన్ని దాని మీద వదిలి, పైకి వెళ్ళి కాఫీ కలుపుకోవాలి. గ్లాసులో వడకట్టని కాఫీ మడ్డి అడుక్కి దిగేసరికి గింజ కూడా కుదురుకుంటుంది. అప్పుడు వచ్చి బొమ్మ తీసుకోవాలి. తొందరపడి తీసినవాణ్ణి అక్కడ పనివాడనరు. షెబెస్తా ఇరవై ఏళ్ళు అలాగే చేశాడు.

ఆ రోజు గింజ పెట్టి, ముందు కెటిలు పెట్టి వచ్చి పుంజం వదులుదామని పైకి వెళ్ళబోతుంటే వ్లస్తా ఎదురొచ్చింది. నమూనాలు తయారుచేసే మనిషి. మాట దురుసు.

"ఎక్కడికి డాక్టరు గారూ? కాఫీ లేదు. కెటిలు కాలిపోయింది."

"ఎవరు కాల్చారు?"

"మన విభాగం వాళ్ళే. నీళ్ళు పోయకుండా పెట్టారు. పరమాణువులు కనబడతాయి గానీ నీళ్ళు లేని కెటిలు కనబడదు మీకు."

అతను నవ్వి వెనక్కి తిరిగాడు. ఎలాగూ దిగాను కదా అని పుంజం వదిలి, అప్పుడే కళ్ళు పెట్టి చూశాడు.

పచ్చటి తెర మీద చాళ్ళు కనబడ్డాయి. మధ్యలో గీత లేదు.

వేరే పొడి పెట్టానేమో అనుకున్నాడు. పట్టీ మీద పేరు చూశాడు. అదే పొడి. మళ్ళీ కళ్ళు పెట్టాడు. చూస్తుండగానే, చాళ్ళ మధ్య ఏదో మసగ్గా లేచింది. తర్వాత గట్టిపడింది. గీత వచ్చి నిలబడింది.

షెబెస్తా గింజను జరిపే గుబ్బ పట్టుకున్నాడు.

పక్క గింజకు జరిపాడు. గీత లేదు. కాసేపట్లో వచ్చింది. ఇంకో గింజ. లేదు. వచ్చింది. పాత యంత్రంలో పుంజం బలహీనం, ఎంతసేపు నిలిపినా గింజకు ఏమీ అయ్యేది కాదు. కొత్త యంత్రం వచ్చింది నాలుగేళ్ళ కిందట. గీత కనబడింది కూడా అప్పుడే. ఈ రెండూ ఒకటేనని అతనికి నాలుగేళ్ళూ తట్టలేదు. గింజలో గీత ఎప్పుడూ లేదు. వాళ్ళు కాఫీ తాగి వచ్చేలోపు పుంజం గింజను కాల్చి, అందులో ప్రాణవాయువును వెళ్ళగొట్టి, ఆ గీతను గీస్తోంది.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. ప్రొఫెసర్ దోస్తాల్ దిగుతున్నాడు.

పుంజం ఇంకా చివరి గింజ మీదే ఉంది. షెబెస్తా ఆపవచ్చు. ఆపలేదు.

"ఏం అబ్బాయ్, చీకట్లో దాక్కున్నావు? పెళ్ళికొడుకులా పైన తిరగాల్సిన రోజు కదా," అన్నాడు ప్రొఫెసరు.

వెనకాలే దిగిన వ్లస్తా అందుకుంది. "పెళ్ళికొడుకు మొహం చూడండి ప్రొఫెసరు గారూ. సున్నం కొట్టిన గోడలా ఉంది."

"నా డోసెంటు రోజున నేను రెండుసార్లు కక్కుకున్నాను. జరుగు. నా గీత నాకు చూపించు."

నా గీత అన్నాడు. ముసలాయన కూర్చుని కళ్ళద్దాలు తీసి చూశాడు.

"ఎంతసేపు నిలిపావు?"

షెబెస్తా అబద్ధం చెప్పాడు. "మామూలుగానే. కాఫీ అంతసేపు."

"విన్నావా వ్లస్తా? ఈ కుర్రకారు నన్ను చూసి నవ్వుతారు, ముసలాడు కాఫీ పేరు చెప్పి పని ఎగ్గొడతాడని. గీత కనబడింది ఎవరికి? ఆగినవాడికి." అంటూ ఆయన గుబ్బ మీద చెయ్యి వేశాడు. "పక్క గింజ చూద్దాం."

"వద్దండీ," అన్నాడు షెబెస్తా.

"ఏం? విరగ్గొడతానా?"

గుబ్బ తిరిగింది. తెర మీద చాళ్ళు పక్కకు పోయి కొత్త చాళ్ళు వచ్చాయి. షెబెస్తా ముసలాయన మెడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అనుకున్నాడు.

"లేదే," అన్నాడు ప్రొఫెసరు.

ముసలాయన కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ వంగి చూశాడు.

"ఆ, ఉంది. ఉంది. ముసలి కళ్ళు, అబ్బాయ్. చీకటికి అలవాటు పడేసరికి ఇంతసేపు పడుతోంది. ఇక నన్ను ఇక్కడ కూర్చోనివ్వకండి." లేచి షెబెస్తా భుజం తట్టాడు. "రేపు మొదటి వరసలో కూర్చుంటాను. గట్టిగా మాట్లాడు. చెవులు కూడా పోతున్నాయి."

కర్ర చప్పుడు మెట్లెక్కి పోయింది. షెబెస్తా పుంజం ఆపాడు.

ఆ రాత్రి ఇంట్లో భార్య మిలాడా బంగాళాదుంపల సూపు పెట్టింది. అతను చెంచా ముంచాడు, ఎత్తలేదు.

"రేపు కష్టమైన ప్రశ్న అడుగుతారనా?" అంది ఆమె.

"అడగరు. ఎవరూ అడగరు. అదే భయం."

ఆమె రొట్టె కోయడం ఆపింది. అతను జరిగింది చెప్పాడు. కెటిలు సంగతి, గింజల సంగతి, ప్రొఫెసరు కళ్ళు నులుముకున్న సంగతి. చెబుతుంటే బయట మెట్ల మీద ఎవరో పొరుగువాళ్ళు నడిచారు. అతను మాట ఆపి, వాళ్ళు దాటిపోయేదాకా తలుపు వైపు చూశాడు.

"ఇది నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"ఇప్పుడు ఎవరికీ తెలీదు. అలాంటి యంత్రాలు జర్మనీలో ఉన్నాయి. ఎవడో కాఫీ తాగనివాడు ఒకడు చూస్తాడు. ఏడాదికో, పదేళ్ళకో. రోజూ ఉత్తరాల డబ్బా తెరిచేటప్పుడల్లా వాడి ఉత్తరం కోసం చూసుకోవాలి."

"చెబితే?"

"విభాగం పోతుంది. వ్లస్తా పోతుంది. నాకు నలభై ఏడు. ఎవరు తీసుకుంటారు? దోస్తాల్ గారి పుస్తకంలో ఆ కాఫీ మాట అచ్చులో ఉంది మిలాడా. ఈ దేశంలో ఈ పని నేర్చినవాడు ప్రతివాడూ దాన్ని చదివాడు. ఆ మనిషికి డెబ్బయ్యెనిమిది."

ఆమె కత్తి పక్కన పెట్టింది. సూపు చల్లారిపోయింది.

"ఆయన తన కళ్ళని తిట్టుకుంటుంటే నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"సరే. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. చెప్పడానికైనా చెప్పకపోవడానికైనా అదే చొక్కా." గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

అతనికి నిద్ర పట్టలేదు.

తెల్లారగానే ట్రాము ఎక్కి ప్రొఫెసర్ దోస్తాల్ ఇంటికి వెళ్ళాడు. మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగాడు. గంట నొక్కాక వెళ్ళిపోదామనిపించింది. ఈలోపు తలుపు తెరుచుకుంది. ముసలాయన చెప్పులతో, చేతిలో వెన్న రాసిన రొట్టెతో నిలబడ్డాడు.

"ఏం అబ్బాయ్, కక్కుకోవడానికి మా ఇల్లే దొరికిందా?"

"మీ కళ్ళకేం కాలేదు ప్రొఫెసరు గారూ," అన్నాడు షెబెస్తా. "నిన్న మీకు మొదట కనబడలేదే, అది నిజంగానే లేదు. మీరు చూస్తుండగా వచ్చింది. పుంజమే దాన్ని చేస్తోంది. మీరు దిగేటప్పటికే నాకు తెలుసు. చెప్పలేదు."

ముసలాయన రొట్టె నమలడం ఆపాడు. గుమ్మం పట్టుకున్నాడు.

"కాఫీయా?"

"కాఫీయే."

"ప్రతిసారీనా?"

"కొత్త యంత్రం వచ్చినప్పటి నుంచి ప్రతిసారీ."

ప్రొఫెసరు లోపలికి తిరిగి వెళ్ళిపోయాడు. తలుపు వెయ్యలేదు. షెబెస్తా గడప బయటే నిలబడ్డాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది, తర్వాత ఏ చప్పుడూ లేదు. ముసలాయనకు ఏదైనా అయిందేమో, లోపలికి పోవాలా వద్దా అనుకున్నాడు. పిలవబోయి ఆగాడు.

చాలాసేపటికి ప్రొఫెసరు కోటు వేసుకుని బయటికి వచ్చాడు. గుండీ తప్పు బెజ్జంలో పెట్టుకున్నాడు. షెబెస్తా వైపు చూడలేదు.

"గీత లేని బొమ్మ ఉందా నీ దగ్గర?"

"లేదు. ఇప్పుడు తియ్యాలి."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"

ఇద్దరూ ట్రాములో పక్కపక్కనే కూర్చుని పరిశోధనశాలకు వచ్చారు. షెబెస్తా కొత్త గింజ పెట్టి, పుంజం తాకీ తాకగానే బొమ్మ తీశాడు. గింజ జరగడం వల్ల బొమ్మ కొంచెం అలికినట్టు వచ్చింది. చాళ్ళ మధ్య గీత లేదు. పదింటికి సభలో లేచి, అన్నిటికన్నా ముందు ఆ అలికిన బొమ్మనే తెర మీద పెట్టాడు.