బుస

గోనెసంచిని బకెట్టులో ముంచి, పిండకుండానే తీసి ఇంజను మీద పరిచాడు అప్పన్న. ఇంకోటి భుజాన వేసుకున్నాడు. రెంచి ఏసీ గొట్టం నట్టుకు తగిలించాడు గాని తిప్పలేకపోయాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని మళ్ళీ తగిలించాడు.

ముక్తేశ్వరం రోడ్డు పక్కన అతని షెడ్డు. రేకుల కప్పు, ముందు ఇనప షట్టరు, వెనక కొబ్బరితోట. జీపులు, అంబాసిడర్లు, ఆటోలు బాగుచేస్తూ తల నెరిసింది. ఈ ఎర్రటి రేసు కారు అల్లవరంలో రొయ్యల చెరువులున్న దుర్గాసాయిది. ఆదివారం సముద్రపొడ్డున పందెం. కారు బరువు తగ్గాలట, ఇంజనుకు ఊపిరాడాలట. అందుకని ఏసీ సామానంతా, పొగగొట్టంలో విషం తగ్గించే డబ్బానూ పీకెయ్యమన్నాడు.

"తిప్పండి అప్పన్నగారూ! ఏసీ గ్యాసు అంటుకోదండీ," అన్నాడు దుర్గాసాయి, స్టూలు మీద కూర్చుని నవ్వుతూ.

"ఏ గ్యాసు నింపేడో మీకు కారు అమ్మిన పట్నంవోడు, ఎవరు చూసేరండి?"

"నేను పక్కనే ఉన్నాను కదండీ."

"మీరు పరిగెడతారండి. నా మోకాళ్ళు చూడండి."

అప్పన్న భయం చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకున్న ఏడు అతని కాపురం ఆ పక్కనే. తల్లిని వీపున వేసుకుని గట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తాడు. వెనక ఆకాశమంతా ఎరుపు. ఆ ఎరుపుకన్నా భూమిలోంచి తన్నుకొచ్చిన ఆ బుసకే అతని గుండె చెదిరింది. మంట ఆరిపోయింది గాని బుస చెవిలోంచి పోలేదు. సైకిలు ట్యూబులో గాలి తీసినా ఉలిక్కిపడతాడు. దీపం పథకంలో వచ్చిన సిలిండరు సీలు తియ్యకుండా ఇంట్లో ఓ మూలనుంది. దాని మీద భార్య సువర్ణ ఉప్పుజాడీ పెట్టుకుని, కొబ్బరిమట్టలతోనే వండుతుంది.

"కారు కరుస్తాదేటయ్యా? ముద్ద దిగట్లేదు నీకు," అంది పొద్దున్నే.

నిజంగానే దిగలేదు. చద్దన్నం సగం వదిలేసి వచ్చాడు. ఈ పని కాదనే ధైర్యం మాత్రం లేదు. రోడ్డెక్కే కొత్త కార్లన్నిటికీ ఏసీలే. అవి చెయ్యలేడన్న మాట పడితే షెడ్డు గడప తొక్కేవాడుండడు.

కళ్ళు మూసుకుని నట్టు తిప్పాడు.

బుస్సుమంది. రెంచి ఎక్కడ పడిందో తెలియదు. వెనక తలుపులోంచి తోటలోకి పడి, ఓ కొబ్బరిచెట్టు మొదట్లో కూలబడి తడి గోనె నెత్తిన కప్పుకున్నాడు. ఆ బుస సన్నబడి, ఆగిపోయింది. ఏమీ అంటుకోలేదు.

"రండండీ, అయిపోయింది! పందెంలో మిమ్మల్నే పరిగెట్టించాలి!" దుర్గాసాయి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

అప్పన్న అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు. నట్టు చుట్టూ తెల్లగా మంచు పేరుకుంది. వేలితో తాకి చూశాడు.

"చచ్చి బతికేను బాబుగారూ," అన్నాడు.

ఆ తరువాత పని చకచకా సాగింది. ఏసీ సామాను ఒక్కొక్కటే నేల మీదికి దిగింది. ఏసీ గొట్టాలు వెళ్ళిన చోట, ఇంజనుకూ కూర్చునే గదికీ మధ్యనున్న రేకులో చిల్లులు మిగిలాయి.

"వీటికి రబ్బరు బిళ్ళలు కావాలేమోనండి?" అన్నాడు దుర్గాసాయి.

"ఎందుకండీ, పీచు కుక్కేస్తాను." జీపుల అడుగురేకును తుప్పు తినేసినా ఇక్కడ చేసేది అదే. అప్పన్న కొబ్బరిపీచు ఉండలు చుట్టి బొటనవేలితో చిల్లుల్లోకి నొక్కాడు. కారు కిందికి దూరి పొగగొట్టంలోని డబ్బా కోసేసి, ఆ చోట పొట్టి గొట్టం వెల్డింగు చేశాడు. పొగ వెనకదాకా పోకుండా సీటు కిందనే బయటికొస్తుంది.

"కాసేపు ఆడించి, చెవి పెట్టి వినండి. చెరువులు చూసొచ్చేస్తాను."

"ఆయ్."

దుర్గాసాయి మోటారుసైకిలు మలుపు తిరిగిందో లేదో, తూర్పుగాలి లేచి వాన కొట్టింది. జల్లు తిన్నగా కారు మీదికే వస్తోంది. విప్పిన సామాను తడుస్తుందని అప్పన్న షట్టరు దించేశాడు. వెనక తలుపూ మూశాడు. కారులో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజను గర్జించి, సర్దుకుంది. అప్పన్న తల వంచి విన్నాడు. ఎక్కడైనా బుస ఉందా? లేదు. మళ్ళీ విన్నాడు. లేదు. పొద్దుటినుంచి గుండెలో బిగుసుకున్నదేదో వదులైంది. పొగ వాసన వచ్చింది. పొగ అతనికి గ్యాసు కాదు. జన్మంతా పీల్చిందే.

తల బరువెక్కింది. తిండి లేక అనుకున్నాడు. ఇంటికెళ్ళి ఆ మిగిలిన చద్దన్నం తినాలనుకున్నాడు. ఇంజను ఇంకాస్త వేడెక్కనిద్దామని సీటుకు ఆనుకున్నాడు.

దుర్గాసాయి వచ్చేసరికి వాన పలచబడింది. లోపల ఇంజను ఇంకా ఆడుతోంది.

"పెట్రోలంతా తాగించేస్తన్నారేటండీ?" అంటూ షట్టరెత్తాడు.

పొగ మొహాన కొట్టింది. దగ్గుతూ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కారు తలుపు తీశాడు. పిలిచాడు. భుజం పట్టి కుదిపాడు. తల పక్కకు వాలిపోయింది. దుర్గాసాయి చెయ్యి గబుక్కున వెనక్కి వచ్చేసింది. తాళం తిప్పి ఇంజను ఆపి, రోడ్డు మీదికి పరిగెత్తి కేకలు పెట్టాడు.

కేకలకు రోడ్డు మీది జనం వచ్చారు. అప్పన్నను ఎత్తి బయటికి, వానలోకి మోసుకుపోయారు. ఎవరో సువర్ణ కోసం సైకిలు మీద వెళ్ళారు.

కారు తలుపు తెరిచే ఉంది. లోపల పరిచిన మెత్తటి తివాచీ మాయకుండా, ఎక్కేముందు అప్పన్న విడిచిపెట్టిన హవాయి చెప్పులు సిమెంటు నేల మీద జంటగా ఉన్నాయి, ఒకదాని పట్టీ ఊడిపోకుండా రాగి తీగతో కట్టి ఉంది.