మూత తీయని సూది

లొరెయిన్ పావ్లోస్కీకి టీవీలో ఆరోగ్య విభాగం దక్కింది ప్రతిభ వల్ల కాదు, పాత ఆరోగ్య విలేకరికి గుండెపోటు రావడం వల్ల. పొగతాగడం మానడమెలాగో వివరించే కార్యక్రమం చిత్రీకరిస్తూ, ఆయన విరామంలో సిగరెట్టు ముట్టించి అక్కడే కుప్పకూలాడు. అంతవరకు వాతావరణం చదువుతున్న లొరెయిన్ మర్నాటి నుంచి రక్తపోటు గురించి చదివింది. రెండూ పెరుగుతాయి, తగ్గుతాయి, చెబితే ఎవరూ నమ్మరు. ఆమెకు పెద్ద తేడా కనిపించలేదు.

కాలక్రమంలో అమెరికాలోని ఆ ఈరీ నగరం ఆమెను నమ్మడం అలవాటు చేసుకుంది, కొంత అతిగానే. సూపర్ మార్కెట్లో కోడిగుడ్లు ఏరుకుంటుంటే ఎవరో ఒకరు చొక్కా ఎత్తి పుట్టుమచ్చ చూపేవారు.

"నేను డాక్టర్ని కానండీ."

"తెలుసులే. డాక్టరైతే ఫీజు అడుగుతాడు."

ఏటా అక్టోబరులో ఒక శుక్రవారం, వాలంటీరు అగ్నిమాపక దళం వారి హాల్లో చేపల విందు జరిగే సాయంత్రం, ఆమె ఉచితంగా ఫ్లూ టీకాలు వేయించేది. వేయించిన చేప కోసం గంటసేపు వరసలో నిలబడే వృద్ధులు టీకా కోసం రెండు వీధులు దాటరని ఆమె అనుభవంతో గ్రహించింది. అందుకే నర్సు ఎస్తర్ బల్లను చేపల వరస పక్కనే వేయించేది. అంతకు వారం ముందు, వార్తల్లో తాను టీకా వేయించుకుంటూ కనిపించేది. విలేకరి చొక్కా చేయి మడిస్తేనే ఊరు మడుస్తుందన్నది ఆ వృత్తిలోని నమ్మకం.

ఈసారి ఎస్తర్ సూది దించే క్షణంలో కెమెరామన్ రిక్ బ్యాటరీ మారుస్తున్నాడు. అటువంటప్పుడు పాటించే పద్ధతి ఒకటుంది. ఖాళీ సిరంజికి మూత అలాగే ఉంచి, దండకు ఆనించి ఆ దృశ్యాన్ని మళ్లీ చిత్రీకరిస్తారు. లొరెయిన్ కళ్లు చిట్లించి, పెదవి కొరికింది.

"నిజం సూది కంటే దీనికే మొహం బాగా పెట్టావు," అన్నాడు రిక్.

అయితే ఆ మూత నారింజ రంగుది. వాల్ట్ గ్రబోస్కీ టీవీ పెద్దది.

వాల్ట్ ఆ అగ్నిమాపక దళంలో ముప్పయ్యేళ్లు మంటలార్పి, ఇప్పుడు అదే హాల్లో చేపలు వేయిస్తున్నాడు. పీల్చిన పొగంతా ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. పోయిన చలికాలం టీకా వేయించుకోక, ఫ్లూ తగిలి ఆస్పత్రిలో పడి, చావు తప్పి బయటపడ్డాడు. లొరెయిన్ తండ్రికి స్నేహితుడు, ఆమెకు చిన్ననాటి నుంచి వాల్ట్ మామయ్య. ఆయన తాను చూసిన మూత సంగతి బార్లో చెప్పాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.

శుక్రవారం హాలు నిండింది. ఎస్తర్ బల్ల మాత్రం ఖాళీ. దాని ముందుకు రాగానే ముసలివాళ్లు గోడవైపు తిరిగి, ఎన్నడూ లేని శ్రద్ధతో పాత ఫైరింజన్ల ఫొటోలు చూస్తూ జరిగిపోతున్నారు.

లొరెయిన్ వంటింటి ఫోను నుంచి స్టేషను మేనేజరు డేల్‌తో మాట్లాడింది.

"ఆరు గంటల లైవ్‌లో ఇంకోసారి వేయించుకో. గొడవ వదిలిపోతుంది," అన్నాడు డేల్.

"ఒకసారి వేయించుకున్నాగా."

"మళ్లీ వేస్తే ప్రమాదమా?"

"ప్రమాదమేం లేదు. అనవసరం."

"టీవీలో అనవసరం కానిదేముంది లొరెయిన్?"

"ఆ డోసు వేరే వాళ్లకి పనికొస్తుంది డేల్. రెండోసారి తీశామని చెప్పేస్తా."

"అది చెబితే మిగతావన్నీ అడుగుతారు. చెప్పావంటే సోమవారం ఆఫీసుకి రాకు."

ఆరింటికి కెమెరా దీపం వెలిగింది. లొరెయిన్ కెమెరా వైపు తిరిగి జరిగింది జరిగినట్లు చెప్పింది: నిజం సూది కెమెరాకు చిక్కలేదని, చిక్కింది నటనని, తప్పు తమదని.

వంటింట్లోంచి వాల్ట్ చిల్లుల గరిటెతో బయటికి వచ్చాడు. "అయితే పోయిన జనవరిలో మీ వాతావరణం చదివే టెడ్ టీవీలో నడుముదాకా మంచులో కూరుకుపోయాడే. అదీ ఉత్తిదేనా?"

లొరెయిన్ ఒక్క క్షణం ఆలోచించింది. సోమవారం ఎలాగూ పోయింది.

"మోకాళ్ల మీద కూర్చున్నాడు మామయ్యా."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు మీదే లైవ్ ముగిసింది. ఆర్పిన దీపం పక్కన వాల్ట్ ఇంకా కదల్లేదు.

"సరే. నీకు నిజంగా వేశారని సాక్ష్యమేంటి?"

"ఎస్తర్ మాట, నా మాట. అంతే. అనుమానించు, నేను కాదనను. కానీ సరిగ్గా అనుమానించు మామయ్యా. నా సూదికి మూతుంటే నీ సూదిలో మందు చెడిపోతుందా?"

వాల్ట్ గరిటెకున్న నూనెను తువ్వాలుతో తుడిచాడు.

"వేయించుకోకపోతే నీ ఇష్టం," అంది ఆమె. "ఈసారి మాత్రం ఆస్పత్రికి కెమెరాతో వస్తా."

"వద్దు తల్లీ. వెనకంతా తెరుచుకునే ఆ గౌనులో నన్ను ఊరు చూడక్కర్లేదు." గరిటె పక్కన పెట్టి చొక్కా చేయి మడిచాడు. "కానివ్వు ఎస్తర్. మూత తీసి చూపించు ముందు."

ఎస్తర్ తీసి చూపించింది. రాత్రి వార్తల కోసం రిక్ కెమెరా గురిపెట్టాడు. సూది దిగుతున్న క్షణంలోనే ఒక పెద్దావిడ పళ్లెం నిండా చేపతో అడ్డంగా నడిచింది.

"వాల్ట్ గారూ, ఇంకొక్కసారి..." అన్నాడు రిక్.

"రిక్," అంది లొరెయిన్. అతను కెమెరా దించాడు.

వాల్ట్ వెనక వరస ఏర్పడింది. అందరూ రాలేదు, చాలామంది చేపతోనే సరిపెట్టుకున్నారు. అయినా ఎస్తర్ రెండో పెట్టె విప్పవలసి వచ్చింది.

సోమవారం లొరెయిన్ ఆఫీసుకు వెళ్లింది. ఆమెను ఆపే తీరిక డేల్‌కు లేదు. టెడ్ మోకాళ్ల గురించి ఊరంతా ఫోన్లు చేస్తోంది. ఆమె బల్ల మీది ఫోనూ మోగింది.

"శుక్రవారం రాత్రి వార్తలు చూశానమ్మాయ్," అన్నాడు వాల్ట్. "ఆవిడ పళ్లెం, ఆ తర్వాత దూది అంటించిన నా చెయ్యి. మధ్యలో నేనెక్కడ?"

"ఆవిడ అడ్డం వచ్చిందిగా మామయ్యా. వార్తల్లో అదే చెప్పాం."

"అంత బాగా మొహం పెట్టాను," అన్నాడు వాల్ట్ దిగులుగా. "దండగైపోయింది."