నాలుగో స్లైడు

స్వర్ణలతకు ఇచ్చిన సమయం పన్నెండు నిమిషాలు. కాప్రాలో తన ఇంట్లో, బీరువా అద్దం ముందు నిలబడి మూడుసార్లు చెప్పి చూసుకుంది. మూడుసార్లూ నాలుగో స్లైడు దగ్గరే గొంతు ఆగిపోయింది.

మంచం మీద కూర్చుని ఫోన్‌లో టైం చూస్తున్న భర్త హరికిషన్, "మళ్లా గాడ్నే ఆగినవు. గా లైన్ల ఏమున్నది?" అన్నాడు.

ఆమె చదివింది. "ప్రమాదానికి కారణం: కార్మికుడు సేఫ్టీ బెల్టు పెట్టుకోకపోవడం."

అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె సేఫ్టీ ఆఫీసరు. పోయిన వానాకాలంలో గోదాం కారుతుంటే రేకులు మార్చడానికి పైకెక్కిన భద్రయ్య, పాత రేకు విరిగి కింద పడి చనిపోయాడు. నలభై ఒక్కేళ్ల మనిషి. కంపెనీకి ఉన్న మిగతా ఫ్యాక్టరీల మేనేజర్లందరూ సోమవారం వస్తున్నారు. అలాంటిది ఇంకోచోట జరగకుండా ఆ ప్రమాదం గురించి చెప్పే పని స్వర్ణలతకు అప్పగించారు.

మొదటి స్లైడులో భద్రయ్య ఫోటో పెట్టాలనుకుంది. అడగకుండా పెట్టడం ఇష్టంలేక శనివారం యాప్రాల్‌లో అతని ఇంటికి వెళ్లింది. భార్య దేవమ్మ తిరుమలగిరిలో రెండిళ్లలో వంట చేసి అప్పుడే వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ అంతా విన్నది.

"ఫోటో ఇస్త మేడమ్. గని ఆయన గురించి ఏం జెప్తవో ముందుగాల నాకు జెప్పు."

స్వర్ణలత చాప మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు దేవిశ్రీ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నాలుగో స్లైడు రాగానే స్వర్ణలత తలెత్తకుండా గబగబా చదివేసింది.

దేవమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తర్వాత మెల్లగా అంది.

"బెల్టు ఒక్కటే ఉండె మేడమ్. ఎక్కింది ఇద్దరు. ఈయనతోని ఎక్కిన ఆషర్‌కు కొత్తగ పెండ్లయింది. నువ్వే కట్టుకోరా అని ఈయనే ఇచ్చిండంట. దినాల నాడు ఆషర్ వొచ్చి ఏడ్సుకుంట చెప్పిండు."

"మరి మాకెందుకు చెప్పలే అక్కా?"

"ఎవరడిగిన్రు? మీవోళ్లు వొచ్చిన్రు, సంతకాలు దీస్కున్నరు, పోయిన్రు."

గుమ్మం దగ్గర నుంచి దేవిశ్రీ అంది: "మా క్లాసుల ఒకామె అన్నది, మీ నాయిన సోయి లేకుంట ఎక్కి పడ్డడంట గదా అని. నేనేం అనలే."

ఆ మధ్యాహ్నమే స్వర్ణలత ఫ్యాక్టరీకి వెళ్లి ఆషర్‌ను అడిగింది. అతను తలదించుకుని "నిజమే మేడమ్. నౌకరి పోతదని భయపడ్డ," అన్నాడు. ఆమె ఫైలు తీసింది. పైకెక్కే ముందు ఇచ్చే పర్మిట్ కాగితంలో 'ఇద్దరికీ బెల్టులు ఉన్నవి' అనే మాట ఎదురుగా టిక్కు ఉంది. కింద తన సంతకం. ఆ రోజు గోదాం దారంతా బురదగా ఉందని అటు వెళ్లకుండా, బల్ల దగ్గరే కూర్చుని పెట్టిన టిక్కు అది. విచారణ చేసినవాళ్లు దాన్ని చూసే, బెల్టు ఉండీ పెట్టుకోలేదని తేల్చారు. తన గొంతు ఎక్కడ, ఎందుకు ఆగుతోందో ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలిసే ఇన్నాళ్లు ఆ ఫైలు జోలికి పోలేదు.

నాలుగో స్లైడు మార్చింది.

సోమవారం పొద్దున తమ ఫ్యాక్టరీ మేనేజరు రామ్మోహనరావు ముందు ఆఖరిసారి చెప్పి చూపించాలి. ఆయన నాలుగో స్లైడు దాకా విని ఆపమన్నారు.

"ఏంటమ్మా ఇది? నిన్ను నువ్వే ఇరికించుకుంటున్నావు. ఫ్యాక్టరీకి మాత్రం మంచిదా? తీసెయ్."

"తీస్తే తప్పు భద్రయ్య మీద పడుతది సార్."

"పోయినవాడికి ఇప్పుడు కొత్తగా వచ్చే నష్టమేముంది?"

"ఆయనకు బిడ్డ ఉన్నది సార్."

రామ్మోహనరావు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "నేను వద్దన్నాను. అది గుర్తుంచుకో," అని లేచి వెళ్లిపోయారు. ఆ స్లైడు తీసేయడానికి లాప్‌టాప్ మాత్రం అడగలేదు.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. స్వర్ణలత భద్రయ్య ఫోటోతో మొదలుపెట్టి, మొదటి మూడు స్లైడులూ చూడకుండానే చెప్పింది. నాలుగోది రాగానే తలెత్తి చెప్పింది.

"ఎక్కింది ఇద్దరు. ఉన్న బెల్టు ఒకటి. దాన్ని భద్రయ్య తోటివాడికి ఇచ్చాడు. రెండు ఉన్నాయని, చూడకుండా సంతకం పెట్టింది నేను."

చివరి వరసలో ఒక పెద్దాయన లేచి, "ఇప్పుడెన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"మూడండి. పైకెక్కేవాళ్లు తొమ్మిది మంది."

ఆయన కూర్చున్నాడు.

ఆ వారంలోనే కొత్త బెల్టులు వచ్చాయి. అవి వచ్చేదాకా ఎవరినీ పైకి ఎక్కనివ్వలేదు. విచారణ మళ్లీ మొదలై, భద్రయ్య తప్పు లేదని కాగితం మీద రాశారు. స్వర్ణలతకు మెమో ఇచ్చి, సేఫ్టీ పని నుంచి తప్పించి స్టోర్స్‌లో కూర్చోబెట్టారు.

ఒక ఆదివారం దేవమ్మ ఫోన్ చేసింది. "అందర్కి జెప్పినవంట. నా బిడ్డకు సుత జెప్పు మేడమ్. నీ నోటితోనే ఇనాలె."

స్వర్ణలత వెళ్లింది. దేవిశ్రీ ఎదురుగా చాప మీద కూర్చుంది. స్వర్ణలత మొదటి నుంచి చివరి దాకా, బురద సంగతీ, సంతకం సంగతీ, ఏదీ దాచకుండా చెప్పింది.

పిల్ల ఆమె మొహంలోకి చూసి అడిగింది.

"ఆనాడు మీరు పొయ్యి చూసుంటే, మా నాయిన బతుకుతుండెనా మేడమ్?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. మెమోలో కూడా లేదు.

"బతుకుతుండె బిడ్డా," అంది స్వర్ణలత.

దేవిశ్రీ లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. దేవమ్మ కూతుర్ని పిలవలేదు, స్వర్ణలతను వెళ్లమనీ అనలేదు. ఇద్దరూ ఆ చాప మీద అలాగే కూర్చున్నారు.